తువ్వాల కింద బేరం

“గేర్‌బాక్స్ పాయప్పా. లక్షా ఇరవై అయితాది,” అన్నాడు మెకానిక్ వీరన్న, చేతులకంటిన గ్రీజు తుడుచుకుంటూ.

జోయల్ పదిమంది పట్టే ఈ పాత పెద్దబండి కొని నిండా నెల కాలేదు. ఆదోని, ఎమ్మిగనూరు మధ్య బాడుగకు తిప్పుకుందామంటే మూడో గేరు పడదు, రివర్స్ అసలే పడదు. ఇవాళ పెళ్లివాళ్లను నడిరోడ్డు మీద దింపేసి, వాళ్ల తిట్లన్నీ తిని, ట్రాక్టరుకు కట్టి ఈడ్పించుకొచ్చాడు.

“కొంచెం సూసి సెప్పన్నా. నా పెళ్లాం కృప కమ్మలు, గొలుసు కుదువబెట్టి కొంటి.”

“దీనికి సామాన్లు దొరకవప్పా. నా మాటిని వచ్చినకాడికి అమ్ముకో.”

ఒళ్లు మండదూ మరి? అమ్మినవాడి మీద మండింది, బండి మీద మండింది, అన్నిటికన్నా తన తెలివితక్కువతనం మీద మండింది. తనకొకడు అంటగట్టాడు, తానింకొకడికి అంటగడితే పోలా అనుకొని పీరా సాబ్ దగ్గరికి పోయాడు.

పీరా సాబ్ నిన్నమొన్నటిదాకా సంతలో ఎద్దుల దళారీ. ఇప్పుడు పాత బండ్లు చూస్తున్నాడు. సరుకు మారినా పద్ధతి మార్చలేదు. ధర నోటితో పలకడు, తువ్వాల కింద వేళ్లు పట్టి చెబుతాడు. డబ్బు చేతులు మారేదాకా కొనేది ఎవరో కూడా చెప్పడు.

“గేర్‌బాక్స్ సంగతి కొనేటోనికి సెప్పొద్దు సాబ్.”

“అడిగితే కదప్పా సెప్పేది.”

మధ్యాహ్నానికి బేరం తెచ్చాడు. తువ్వాల కింద పట్టిన వేళ్లు కొన్న ధరలో సగం కూడా పలకలేదు. జోయల్ మింగలేక కక్కలేక తలూపాడు. ఒకసారి చెయ్యి కలిపాక ఆ బేరం నుంచి వెనక్కి పోయేది లేదు.

సాయంత్రం డబ్బు అందింది. కమ్మలు విడిపించుకోవచ్చు, గొలుసు మీద మాత్రం ఆశ వదులుకోవాల్సిందే. కృపకు ఏ ముఖం పెట్టుకొని చెప్పాలి? అది చాలదన్నట్టు మనసులో ఇంకో పీకులాట. ఏ కౌతాళం ఊరి రైతో ముచ్చటపడి కొనుంటాడు. రేపు పెళ్లాం పిల్లలతో తనలాగే రోడ్డున పడతాడు.

“వాని ఉసురు నాకు తగుల్తాది సాబ్. ఇంగన్నా సెప్పు, ఎవరా అమాయకుడు?”

పీరా సాబ్ తువ్వాల దులిపి భుజాన వేసుకున్నాడు.

“మెకానిక్ వీరన్ననే అప్పా. గేర్ రాడ్ కింద మున్నూరు రూపాయల రబ్బరు బుష్ ఒకటి మార్చుకోని, ఇంతకుముందే ఎమ్మిగనూరుకు బాడుగ తోలుకోని పాయ.”