తోటలో చోటు

“చెట్లు బాగానే గీశావు. రేపు దీన్ని వాడుకునేవాళ్లని ఒక్కమాటైనా అడిగావా?” అన్నారు ప్రొఫెసరు, ప్లాను చుట్టచుట్టి వెనక్కిస్తూ.

వరప్రసాదరావు ఢిల్లీలో ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్చర్ పీజీ ఆఖరి సంవత్సరంలో ఉన్నాడు. “మావాడు తోటపని చదువుతున్నాడు” అని వాళ్లమ్మ అందరికీ చెప్పుకుంటుంది. సొంతూరు నందిగామలో చర్చి సంఘంవాళ్లు జగ్గయ్యపేట రోడ్డు పక్కన ఎకరం కొన్నారు. అక్కడ వెయ్యబోయే తోటే అతని థీసిస్.

“మూడు వారాల్లో కొత్త ప్లాను తేకపోతే ఏడాది పోయినట్టే” అన్నారు ప్రొఫెసరు.

అలా 1979 మే నెల ఎండల్లో, కాలేజీ అచ్చువేసిచ్చిన ప్రశ్నల కాయితాలు పట్టుకుని వరప్రసాదరావు ఊళ్లో దిగాడు. ముందుగా రిటైరైన హెడ్మాస్టరు శాంతయ్య ఇంటికి వెళ్లాడు.

“తోటకి వారానికి ఎన్నిసార్లు వస్తారు మాస్టారూ?”

“వారానికేవిట్రా? ఒక్కసారి రావడమే గొప్ప.”

“వస్తే ఎంతసేపుంటారు?”

“నేను పడుకుంటే లేచే రకం కాదు. రాసుకో.”

వరప్రసాదరావు కాయితాలు మడిచి జేబులో పెట్టేశాడు. ఎవరికేం కావాలో నోటితోనే అడగడం మొదలుపెట్టాడు.

లారీ డ్రైవరు ప్రేమదాసు రాత్రంతా బండి నడిపి అప్పుడే ఇల్లు చేరాడు. “రోడ్డు పక్కన మాత్రం వద్దు తమ్ముడూ. ఇరవయ్యేళ్లుగా హారన్లు వింటున్నా. వెనక గోడ దగ్గర ఇచ్చెయ్యి.”

పున్నమ్మ మొగుడి ఎదుటే తేల్చేసింది. “ఈయన గేటు దగ్గర, నేను ఆ చివర. మధ్యలో మల్లెపొదలు గుబురుగా వెయ్యి నాయనా.”

“మల్లెలేం ఆపుతాయే, గోడ కట్టమను” అన్నాడు మొగుడు.

వేపచెట్టు నీడ పదకొండుమంది అడిగారు. అందరికంటే గట్టిగా అడిగింది లూర్దమ్మ. “పుట్టినకాణ్ణించీ మిరప చేలల్లో ఎండలోనే మాడా. నాకు నీడ కావాలి. ఆ రత్తమ్మకి మాత్రం నా దరిదాపుల్లో చోటివ్వమాక.”

రత్తమ్మ ఆవిడ సొంత చెల్లెలు. తల్లి వదిలి వెళ్లిన రుబ్బురోలు ఎవరిదన్న తగువుతో తొమ్మిదేళ్లుగా ఇద్దరికీ మాటల్లేవు. “ఆవిడది తూర్పయితే నాకు పడమర” అంది రత్తమ్మ.

వరప్రసాదరావు ప్లానులో ఎవరి చోట్లో వాళ్ల పేర్లు రాశాడు. చెరిపాడు, మళ్లీ రాశాడు. రెండు రబ్బర్లు అరిగిపోయాయి.

ఢిల్లీ ప్రయాణం ముందురోజు పొద్దున్నే లూర్దమ్మ వచ్చింది. గుమ్మంలోనే నిలబడింది.

“ప్రసాదూ, అది చిన్నప్పట్నించీ ఒక్కతే ఉండలేదురా. దాని చోటు నా పక్కకి జరుపు. నేనడిగానని చెప్పమాక.”

సాయంత్రం రత్తమ్మ వచ్చింది. ఆవిడకి చదువు రాదు.

“నా పేరెక్కడ రాశావు?”

చూపించాడు.

“పక్కనెవరు?”

“లూర్దమ్మ పెద్దమ్మ.”

రత్తమ్మ ఆ అక్షరాలకేసి చాలాసేపు చూసింది. ఒకసారి వేలితో తడిమింది. “సర్లే, పట్టుకుపోయేవాడివి, ఇంకేం చెరుపుతావులే” అని గబగబా వెళ్లిపోయింది.

ఢిల్లీలో ప్లాను పాసైంది. ప్రొఫెసరు లేచొచ్చి భుజం తట్టారు.

డిగ్రీతో తిరిగొచ్చిన మొదటి ఆదివారం, ఆరాధన అయ్యాక ప్లాను గోడకి తగిలించారు. జనం ఒకరినొకరు తోసుకుంటూ ఎవరి చోటు వాళ్లు వెతుక్కున్నారు. పున్నమ్మ మల్లెపొదలు లెక్కపెట్టి, ఒకటి తక్కువైందంది. పాస్టరు ఆశీర్వాదంగారు నచ్చినవాళ్లని చేతులెత్తమన్నారు. అందరూ ఎత్తారు. శాంతయ్య మాస్టారైతే రెండు చేతులూ ఎత్తేశారు.

“అయితే మన కొత్త సమాధుల తోటకి ముందుగా ఎవరు వెళ్తారు?” అని పాస్టరుగారు అడగ్గానే ఎత్తిన చేతులన్నీ ఒక్కసారిగా దిగిపోయాయి.