గోడ దగ్గర తగువు

ఇప్పుడు బారసాలనాడే బిడ్డ మణికట్టుకు ఆరోగ్య పట్టీ కడుతున్నారు. పట్టీ లేని చెయ్యి ఊళ్ళో లేదు. గొంతు పెరిగితే అది చురుక్కుమనిపిస్తుంది. అందుకే వరహాలమ్మ, పక్కింటి మాణిక్యాంబ ముప్పై ఏళ్ళుగా ప్రహరీ గోడ దగ్గర రోజూ పడే తగువు మానేశారు. ఇద్దరికీ బీపీ తగ్గింది.

తర్వాత మాణిక్యాంబ మాటలు కూడా తగ్గాయి. కిందటి వారం మనవరాలి పేరు మరిచిపోయింది.

మాణిక్యాంబ కోడలు రేణుక గోడ దగ్గరికి వచ్చింది. "పిన్నిగారూ, అత్తయ్య అలవాట్లలో ఏది మానేశారని డాక్టరు అడిగారు. నడక, నిద్ర, తిండి అన్నీ బాగానే ఉన్నాయి. మీతో తగువొక్కటే మానేశారు. దాన్ని మళ్ళీ మొదలెట్టించమన్నారు."

"తగువుకి కూడా డాక్టరు చీటీనా!" అంటూ వరహాలమ్మ పట్టీ విప్పి పోపుల పెట్టెలో పడేసింది. రేణుక అత్తగారి పట్టీ విప్పి, ఆమెను గోడ దగ్గరికి తీసుకొచ్చింది.

"ఏమే మాణిక్యం, ఈ ఏడైనా ఆవకాయలో ఆవపిండి సరిగ్గా వేశావా, మళ్ళీ పిసినారితనమేనా?"

మాణిక్యాంబ చాలాసేపు ఆమె ముఖంలోకి చూసింది. ఎవరో పోల్చుకోలేదేమోనని వరహాలమ్మకు భయం వేసింది.

"మీ అమ్మాయి పెళ్ళిలో అన్నం చాలకపోతే మా ఇంట్లోంచి మూడు గుండిగలు పంపించాను. మీ మరిది సూరన్నే మోసుకెళ్ళాడు. నువ్వా నన్ను పిసినారి అనేది?"

"రెండే," అంది వరహాలమ్మ.

"మూడు!"

మూడేనని వరహాలమ్మకు తెలుసు. "రెండేనే, రెండే!" అని ఇంకాస్త గొంతు పెంచింది.