మడిచిన సగం

"ఆ రంగు అది కాదు బాబూ."

బొమ్మ రైళ్ళు చేసే అతను విసుగ్గా తలెత్తాడు.

గుమ్మంలో ఒక పెద్దావిడ. చేతిలో గొడుగు. ఎడమ కన్ను మూసి, బల్ల మీది జానెడు రైలు పెట్టె వంక చూస్తోంది.

ఎల్లుండి దాన్ని మ్యూజియానికి ఇవ్వాలి. యాభై ఏళ్ళ కిందటి రైలుకి నమూనా. రంగు వెంట్రుకవాసి తేడా వచ్చినా తీసుకోం అన్నారు. అసలు పెట్టె చూస్తే తుప్పు పట్టిపోయింది. మిగిలింది మ్యూజియం వాళ్ళిచ్చిన నలుపు తెలుపు ఫోటో. అందులో రంగెక్కడిది?

"మీకెలా తెలుసు మామ్మా?"

"చూశానుగా."

"అందరూ చూసినవాళ్ళే. ఒకాయన ఇటుక రంగన్నాడు, ఇంకొకాయన వంకాయ రంగన్నాడు. రేపెవరో చిలకపచ్చంటారు."

ఆవిడ నవ్వింది.

"ఎరుపులో చిటికెడు దీపం మసి కలుపు. పొగకి మాసినా తెలియకూడదని అలా కలిపేవారు."

"ఇది పుస్తకం చూసి కలిపిన రంగు మామ్మా."

"సరేలే. కాస్త కూర్చోనా?"

ఉన్న ఒక్క కుర్చీ నిండా రంగు డబ్బాలు. అతను తియ్యలేదు. ఆ కుర్చీలో మనిషి కూర్చుని ఏళ్ళయింది.

ఆవిడ నిలబడే గోడకున్న ఫోటో చూసింది.

"సగానికి మడిచేశావేం?"

"అటు సగంలో పెట్టె లేదు, మనుషులే. నాకు పెట్టె చాలు."

ఆవిడ గొడుగు చంకన పెట్టుకుంది.

"వస్తాను బాబూ. పొద్దున బండికి మా చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోతున్నా. ఇక ఇటు రాను."

"మంచిది," అన్నాడు బ్రష్ కడుగుతూ.

మర్నాడు మధ్యాహ్నం మ్యూజియం నుంచి పొట్లం వచ్చింది. అసలు పెట్టె తలుపు స్క్రూ కింద, ఎండా వానా తగలకుండా మిగిలిన రంగు పెచ్చు. గోరంత.

తన పెట్టె పక్కన పెట్టి చూశాడు. పొంతనే లేదు.

మూడుసార్లు కలిపాడు, మూడుసార్లు తుడిచాడు. చివరికి, ఎవరూ చూడటం లేదు కదా అని, చిటికెడు మసి వేశాడు.

పెచ్చు ఏదో పెట్టె ఏదో తెలియకుండా కలిసిపోయింది.

వీధిలోకి వచ్చి అటూ ఇటూ చూశాడు. పొద్దుటి బండి ఎప్పుడో వెళ్ళిపోయింది. పేరైనా అడగలేదు.

లోపలికొచ్చి కుర్చీ మీది డబ్బాలు ఒక్కొక్కటే దించాడు.

ఫోటో తిరిగిచ్చేయాలి. గోడ మీంచి తీసి మడత విప్పాడు.

అటు సగంలో, చేతిలో రంగు డబ్బా పట్టుకుని, అప్పుడే వేసిన రంగు వంక ఎడమ కన్ను మూసి చూస్తోంది రెండు జడల పిల్ల.