ఇంకో నెల లాగించొచ్చా?

కొరియర్ డబ్బాలో పదహారు ఇంజన్ ఆయిల్ శాంపిల్ సీసాలు వచ్చాయి. పదిహేనింటిని ల్యాబు అసిస్టెంటు నిదా ట్రేలో సర్దింది. పదహారోదాన్ని చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"ఏంటే?" అంది ప్రభావతి.

"ఏం లేదక్కా. ఇది నేను టెస్ట్ చేస్తాలే. నువ్వెళ్లి కాఫీ తాగిరా."

ప్రభావతి సీసా లాక్కుంది. లేబుల్ మీద కోడి గెలికినట్టున్న ఆ రాత తమ్ముడు అభిరామ్‌ది. ఓడల్ని లాగే టగ్గు పడవలో సెకండ్ ఇంజనీర్ వాడు. లేబుల్ మూల నల్లటి వేలిముద్ర ఉంది. రిమార్కుల గడిలో తెలుగులో రాశాడు.

"అక్కా, ఆయిల్ ఇంకా కొత్తదానిలా జారుతోంది. ఇంకో నెల లాగించొచ్చా?"

శాంపిల్ తీసింది మూడు వారాల కిందట. ఏజెంట్ ఆఫీసులో ఎవరి బల్ల కిందో పడి ఉండి, ఇవాళ్టికి సింగపూర్ జురాంగ్ ఐలాండ్‌లోని ఈ ల్యాబుకి చేరింది.

ఆ ఇంజన్లో సింథటిక్ ఆయిల్ పోయించింది ప్రభావతే. "మామూలు ఆయిల్ అయిదొందల గంటలకే పాడైపోతుందిరా. ఇది వెయ్యి దాటినా నిలుస్తుంది. శాంపిల్ మాత్రం నెలనెలా పంపు" అని చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది. వాడు కెప్టెన్ కాళ్లావేళ్లా పడి ఒప్పించాడు.

మూత తీసింది. గుప్పుమని ఆ వాసన. వాడు సెలవుల్లో సెంబవాంగ్‌లోని తన ఫ్లాట్‌కి వస్తే ఇల్లంతా ఇదే వాసన. ముందు స్నానం చెయ్యరా అని గుమ్మంలోనే తిట్టేది.

ఆయిల్ మెషీన్లో పెట్టింది. లోపల నీలిమంట మెరిసింది. అంకెలు వచ్చాయి. నమ్మబుద్ధి కాలేదు. మళ్లీ పెట్టింది. మూడోసారీ అవే.

ఆయిల్ చెడలేదు. చిక్కదనం అలాగే ఉంది. కానీ దాన్నిండా రాగి, సీసం. బేరింగులు లోలోపల అరిగిపోతున్నాయి. మంచి ఆయిల్ కదా, చప్పుడు బయటికి రానివ్వడం లేదు. ఇంజన్ ఏ క్షణంలోనైనా బిగుసుకుపోతుంది.

రిపోర్టు పట్టుకుని మేనేజర్ జగన్మోహనరావు గదిలోకి పరిగెత్తింది.

"సంతకం పెట్టండి సార్. రెడ్ రిపోర్టు, ఇంజన్ వెంటనే ఆపించాలి."

ఆయన టగ్గు పేరు చూశాడు. "రేపు పంపుదాంలే అమ్మా. కాసేపు కూర్చో."

"రెడ్ రిపోర్టు గంటలోపు వెళ్లాలని రూలు పెట్టింది మీరే కదా సార్!"

ఆయన కళ్లజోడు తీసి తుడిచాడు. చాలాసేపు తుడిచాడు. తర్వాత సంతకం పెట్టాడు.

ప్రభావతి సీట్లోకి వచ్చింది. ఇంగ్లీషు రిపోర్టు కింద తెలుగులో టైపు చేసింది.

"లాగించకురా. నెల కాదు, ఒక్క గంట కూడా వద్దు. ఇప్పుడే ఇంజన్ ఆపెయ్."

టగ్గుకి మెయిల్ పంపింది. ల్యాబులో ఎవరూ తల ఎత్తడం లేదు. నిదా వచ్చి ఆమె భుజమ్మీద చెయ్యి వేసింది.

నడిసముద్రంలో ఇంజన్ బిగుసుకుపోయి, గాలివానకు కొట్టుకుపోయి, ఆ టగ్గు అభిరామ్‌తో సహా మునిగిపోయి ఆ రోజుకి పదకొండు రోజులు. ఆ కబురు ప్రభావతికి మొదటిరోజే అందింది.