అవతలి వైపు మనిషి

పాప చేతిలోంచి నీళ్ళ సీసా జారి కోర్టు వరండాలో దొర్లింది.

బెంచీకి ఈ చివర నుంచి తండ్రి వంగాడు. ఆ చివర నుంచి తల్లి వంగింది. ఒకరి చెయ్యి ఒకరు చూసుకుని ఇద్దరూ వెనక్కి తగ్గారు.

సీసా తీసిచ్చింది ఎవరో పెద్దాయన. పాప పక్కన కాస్త చోటు చూసుకుని కూర్చున్నాడు.

తండ్రి బేకరీలో మాస్టరు. తల్లి టైలరు, సొంత షాపు ఉంది. కాపురం ఎందుకు చెడిందని అడిగితే చెరో కథ చెబుతారు, రెండూ నమ్మాలనే అనిపిస్తుంది. విడిపోవడం మీద పేచీ లేదు. పేచీ అంతా పాప ఎవరి దగ్గర ఉండాలన్నదే.

మధ్యవర్తి దగ్గర కూర్చుని మాట్లాడుకుంటారా, కేసే నడుపుకుంటారా అని జడ్జిగారు కాసేపటి క్రితమే అడిగారు. కేసే అన్నారు ఇద్దరూ ఒక్క గొంతుతో. ఈ మధ్యకాలంలో వాళ్ళిద్దరికీ కుదిరిన మాట అదొక్కటే.

వాయిదాలు మొదలయ్యాయి. ఎప్పుడు వచ్చినా పెద్దాయన ఆ బెంచీ మీదే కనిపించేవాడు. పాప తాతయ్యా అంటూ ఆయనకి ఎక్కాలు అప్పజెప్పేది. ఆయన కావాలని తప్పు అందిస్తే పడీ పడీ నవ్వేది.

ఆవిడ తరఫు చుట్టం అయి ఉంటాడనుకున్నాడు మాస్టరు. ఆయన తరఫు పెద్దమనిషి కాబోలు అనుకుంది టైలరమ్మ. పాపని మచ్చిక చేసుకోవడానికి అవతలివాళ్ళు పంపారని ఎవరికి వారు గట్టిగా నమ్మారు. అడిగి తెలుసుకోవడానికి మాత్రం ఇద్దరికీ నామోషీ.

ఒకసారి టీ కొట్టు దగ్గర మాస్టరు పెద్దాయనకి ఒంటరిగా దొరికాడు.

"బాబూ, ఇద్దరూ ఓ గంట కూర్చుంటే తేలిపోయే సంగతి ఇది," అన్నాడు పెద్దాయన. "నువ్వు మధ్యాహ్నానికల్లా ఖాళీ. ఆవిడ షాపు సాయంత్రం దాకా ఉంటుంది. పాప బడి నుంచి నీ దగ్గరికి, రాత్రికి తల్లి దగ్గరికి. ఇందులో లాయర్లకేం పని?"

మాస్టరు లోలోపల సంబరపడ్డాడు. ఆమె దిగొచ్చింది, రాయబారం పంపింది, ఇదే అదను అనుకున్నాడు. లాయరుకి చెబితే ఆయన ఇంకో ఆరోపణ చేర్చాడు, తల్లి పాపని కొడుతుందని. రోడ్డుకి అడ్డంగా పరిగెత్తినందుకు ఎప్పుడో వేసిన ఒక్క దెబ్బ అది.

పెద్దాయన టైలరమ్మకీ ఆ మాటే చెప్పాడు. మొగుడు మెత్తబడ్డాడన్నమాట అనుకుంది ఆమె. ఆమె లాయరు, తండ్రి తాగుతాడని రాశాడు. స్నేహితుడి పెళ్ళిలో మొహమాటానికి పుచ్చుకున్న ఒక్క గ్లాసు అది.

పెద్దాయన మంచి చెప్పిన ప్రతిసారీ కేసు ఇంకాస్త బిగుసుకుంది.

లాయర్లు ఇద్దరూ సమర్థులే. ఎంత బాగా వాదించారంటే జడ్జిగారు ఇద్దరినీ నమ్మారు. కొట్టే తల్లి దగ్గరా వద్దు, తాగే తండ్రి దగ్గరా వద్దు, పాప హాస్టల్లో ఉండి చదువుకోవాలని తీర్పు చెప్పారు. తల్లీ తండ్రీ విడివిడిగా, నెలకోసారి, వార్డెన్ ఎదుట చూసి రావచ్చు.

పాప ఏడవలేదు. తాతయ్యకి చెప్పి వస్తానని వరండాలోకి పరిగెత్తింది. బెంచీ ఖాళీగా ఉంది.

వెనకే వచ్చిన టైలరమ్మ, ఎన్నాళ్ళకో మొగుడి వైపు తిరిగింది.

"మీ పెద్దాయన ఇవాళ రాలేదేం?"

"మా పెద్దాయనేంటి? నీ మనిషి కదా."

"నాకాయన పేరు కూడా తెలీదు."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

అటుగా వచ్చిన కోర్టు బంట్రోతుని మాస్టరు ఆపి, రోజూ ఇక్కడ కూర్చునే పెద్దాయన ఎవరని అడిగాడు.

"ఆయనా? నిన్నటితో మానేశాడండీ. ఎవరూ రావడం లేదని ఆయన గది ఎత్తేశారు," అంటూ బంట్రోతు వరండా చివర తాళం వేసిన తలుపు చూపించాడు. "మీరు ఒప్పుకోందే గదిలో కూర్చోబెట్టి మాట్లాడే హక్కు ఆయనకి లేదు. అందుకే బెంచీ మీదికి వచ్చి కూర్చునేవాడు."

"ఇంతకీ ఆయన ఎవరి తరఫు?" అంది టైలరమ్మ.

"మొదటి రోజు జడ్జిగారు మీ ఇద్దరికీ కలిపి ఒక మనిషిని ఇస్తానంటే వద్దన్నారు చూడండి, ఆ మధ్యవర్తి ఆయనేనమ్మా."