షోరూం కాఫీ

"ఓ కాఫీ తాపితే చాలు, వాళ్లేం చెప్పినా తల ఊపుతవు." పొద్దటి నుంచి జ్యోతిరాణి అదే దెప్పుతోంది.

"నీకేం తెలుసు? షోరూమోళ్లు మిషన్ పెట్టి చూసిండ్రు. కారు బ్యాటరీ పోయిందని కొత్తది ఏసిండ్రు," ఆమె భర్త విజయేందర్ బిల్లు ఊపాడు. "రేపు ఇంజన్‌కు ఏదో పూత పూస్తరట. సరేనని వచ్చిన."

"నీ మొఖానికి గూడ పూయమనకపోయినవా!"

జ్యోతిరాణి అత్త పోశవ్వ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. విజయేందర్‌కు రోషం వచ్చింది.

"దా, నీ కండ్లతోనే చూడు." వాకిట్లోకి పోయి కారు బానెట్ ఎత్తాడు.

జ్యోతిరాణి తొంగి చూసింది. మొన్న దసరా నాడు బండికి పూజ చేస్తూ, బ్యాటరీకి కూడా తానే పసుపు రాసి కుంకుమ అద్దింది. ఆ బొట్టు దుమ్ము పట్టి అట్లనే ఉంది.

"షోరూంల గూడ దసరా చేసిండ్రా?"

అతను బొట్టును వేలితో రుద్ది చూసుకున్నాడు. బానెట్ దించాడు.

అందరూ అన్నాలకు కూర్చున్నాక, కారు తాళం తెచ్చి ఆమె కంచం పక్కన పెట్టాడు.

జ్యోతిరాణి కూర వడ్డిస్తూనే మెల్లగా చెప్పింది. "రేపు షోరూంకు నేను పోతున్న. ఇగ నుంచి తీసిన పాత సామాను చేతికిచ్చినంకనే పైసలు. వాళ్ల కాఫీ మాత్రం ముట్టను."