క్లియర్ సౌండ్

“ఇది కూడ కాదు బిడ్డా.”

కమ్లి చెవుల్లోంచి ఇయర్‌ఫోన్లు తీసి అద్దాల బల్ల మీద పెట్టింది.

జితేందర్ ముఖం చిట్లించాడు. సూర్యాపేట బస్టాండు పక్కన అతనిది చిన్న దుకాణం. జేబులో పట్టే పాటల ప్లేయర్లు అమ్ముతాడు. పొలం పనులకు పోయే ఆడవాళ్లే ఎక్కువగా కొంటారు. ఎవరు ఏది కొన్నా మెమరీ కార్డులో పాటలు ఎక్కించి ఇస్తాడు.

కమ్లి మోతె బస్సు దిగి వచ్చింది. మెడ చుట్టూ కొంగు బిగించి కప్పుకుంది. మాట గుసగుసగా, గాలిలా వస్తోంది.

“ఏ పాట పెట్టాలమ్మా?” అని రాగానే అడిగితే, “ముత్తమ్మ నాట్ల పాట” అంది.

జితేందర్‌కు ఆ పాటంటే ప్రాణం. మిర్యాలగూడ దిక్కున సాగర్ కాలువ కింద నాట్లు వేస్తూ ముత్తమ్మ పాడిన పాట అది. ఆమె భర్త గట్టయ్య గట్టు మీద నిలబడి ఫోన్లో రికార్డు చేసి తెచ్చిచ్చాడు. ఏ ప్లేయర్ మంచిదో, ఏది ఉత్తదో జితేందర్ ఆ పాట పెట్టే తేల్చి చెబుతాడు.

“మొదటిదాంట్ల ఏం తక్కువైంది?”

“గొంతు మంచిగనే ఉంది.”

“ఈ ఎర్రదాంట్ల?”

“దాంట్ల కూడ మంచిగనే ఉంది.”

“మరి ఇగ పరేషాన్ ఏంది? మంచిగుంటే కొనుక్కోవాలె గదా!”

పక్కనున్న కుర్రాడు నవ్వాడు. కోదాడ నుంచి వచ్చాడు. ఒక్కో చెవికి ఒక్కో ప్లేయర్ తగిలించుకుని ఏది బాగుందో చూసుకుంటున్నాడు.

“పెద్దమ్మగారూ, ఈ నల్లది తీసుకోండి. బేసు అదిరిపోతోంది.”

“నాకెందుకయ్యా? నా గుండెదడే నాకు ఎక్కువైతాంది.”

జితేందర్‌కు కూడా నవ్వొచ్చింది. “ఇంతకూ నీకు ఏం వినపడాలమ్మా?”

కమ్లి బల్ల మీద తన వేలి ముద్రలను కొంగుతో తుడిచింది.

“ముత్తమ్మ ఒక వరుస పాడి ఆగంగనే, ఎనుకనుంచి ఇంకో గొంతు అందుకుంటది. అది వస్తలేదు.”

జితేందర్ ముఖం వెలిగింది.

“అదా! అది ప్లేయర్ తప్పు కాదమ్మా. నేనే తీసేసిన.”

“తీసేసినవా?”

“ఔ. వచ్చినోళ్లందరు ఎనుక ఆ గోల ఏందని అడుగుడే. ఫోన్ల ఒక యాప్ ఉంటది. గోలంత కడిగి పారేసింది. ఇప్పుడు సూడు, ముత్తమ్మక్క ఒక్కతే. క్లియర్ సౌండ్!”

“మంచి పని చేశారన్నా,” అన్నాడు కోదాడ కుర్రాడు. “మా అమ్మ కూడా అదే అనేది. వెనకాల ఎవరో నక్కి పాడుతున్నట్టుండేదంట.”

కమ్లి నవ్వబోయింది. దగ్గు అడ్డం వచ్చింది.

“పాతది ఉంచలేదా బిడ్డా?”

“దాని మీదనే కొత్తది పెట్టిన. ఖతం.”

“ఎవరి కార్డులనన్న ఉంటదేమో?”

“ఎక్కడ ఉంటదమ్మా! కొన్నోళ్లందర్ని పిలిచి పిలిచి మార్చిన. అది కూడ ఊరికెనే.”

కమ్లి తల ఊపింది.

“మంచిగ చేసినవ్. నలుగురు వినేది మంచిగుండాలె. ఇంకొక్కసారి పెడతవా?”

పెట్టాడు. ఈసారి ఆమె కళ్లు మూసుకుని చివరిదాకా వింది. వింటున్నంతసేపూ ఆమె పెదవులు కదిలి ఆగుతూ, ఆగి కదులుతూ ఉన్నాయి. పాట నోటికి వచ్చు కాబోలు అనుకున్నాడు జితేందర్.

ఆమె ఏదీ కొనకుండానే దుకాణం మెట్లు దిగింది.

“జలుబు బాగ ముదిరింది. దవాఖానకు పో అమ్మా!” వెనక నుంచి అరిచాడు.

కమ్లి తిరిగి చూసి, సరేనన్నట్టు చెయ్యెత్తి వెళ్లిపోయింది.

కుర్రాడు నల్లది కొనుక్కుని పోయాక గట్టయ్య రొప్పుతూ వచ్చాడు.

“జితేందరూ, మోతె నుంచి కమ్లి అని ఒకామె నాట్ల పాటకు వచ్చిందారా?”

“ఇప్పుడే పోయింది బావా. ఉన్నయన్ని పెట్టించుకొని వినుడే గాని ఒక్కటి కొనలే.”

“అయ్యో! నేనొచ్చేదాక ఉండమన్న. బస్సు లేటైంది. పాట ఇచ్చినవా?”

“ముత్తమ్మక్క పాటనే గద, పెట్టిన. జలుబుకు మాట కూడ వస్తలేదు పాపం.”

“జలుబు కాదురా. గొంతుల గడ్డ లేస్తే ఆపరేషన్ చేసిండ్రు. ఇగ పాట రాదన్నరు. మొన్న మనుమరాలు పుట్టింది. తొట్టెల కాడ కూసుండి నోరు తెరిస్తే గాలే వస్తాందని మా ముత్తమ్మను పట్టుకొని ఏడ్సింది. నా పాత ఫోను మడి నీళ్లల్ల పడి పాయె. జితేందర్ కాడ భద్రంగ ఉంటది, పో అని నేనే పంపిన.”

“తొట్టెల కాడ ముత్తమ్మక్క పాట ఎందుకు బావా?”

గట్టయ్య అతని వంక వింతగా చూశాడు.

“నా పెండ్లాం పాట ఎందుకురా? అది ఎప్పుడు పాడమంటె అప్పుడు పాడుతది. నాట్లల్ల దాని పక్క సాలు పట్టి నాటేది కమ్లి.”

జితేందర్ బయటికి ఉరికాడు. బస్టాండులో మోతె బస్సు లేదు.

తిరిగి వచ్చేసరికి బల్ల మీద ఇయర్‌ఫోన్లు ఆమె పెట్టిన చోటే ఉన్నాయి. చెవుల్లో పెట్టుకుని పాట మొదటి నుంచి వేశాడు.

ముత్తమ్మ ఒక వరుస పాడి ఆగింది.

కమ్లి అందుకోవలసిన చోట ఏ గోలా లేదు.